కొట్టనివ్వని బంతి

“మెత్తగా వెయ్యి కొరీన్, కుర్రాళ్లకి తగలాలి కదా.”

తొమ్మిదేళ్లుగా మార్చి నెల వచ్చిందంటే మా ఆయన వెండెల్ నాతో అనే మాట ఇదే. ఆయన మా ఊరి హైస్కూల్లో బేస్‌బాల్ కోచ్. నేను పొద్దున్నుంచి పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తి, నాలుగింటికి మైదానానికి వెళ్లి, చీకటి పడేదాకా ఆయన కుర్రాళ్లు కొట్టడానికి బంతులు విసురుతాను. జీతం వెండెల్‌కి, భుజం నొప్పి నాకు. కొట్టిన బంతి ఒక్కోసారి నేరుగా విసిరినవాళ్ల మొహం మీదికే వస్తుంది. అందుకని మా ముందు ఇనప చట్రానికి బిగించిన వల ఒకటి నిలబెడతారు. చెయ్యి దాని పక్కనుంచి చాపి బంతి వదలాలి, వెంటనే ఎడమకి వంగి వల వెనక ఒదిగిపోవాలి. బంతి వంకర తిరగకూడదు. వేగం వాళ్లు కోరుకున్నంతే ఉండాలి. ఆ పనిలో నన్ను మించినవాళ్లు జిల్లాలో లేరని వెండెల్ అందరికీ గర్వంగా చెబుతాడు. “మా ఆవిడ బంతి వేస్తే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంటుంది” అంటాడు.

నిజానికి నేను ఆడింది బాస్కెట్‌బాల్. కాలేజీలో నాలుగేళ్లూ స్కాలర్‌షిప్ మీదే ఆడాను. ఆరడుగుల రెండంగుళాల మనిషిని కాబట్టి బుట్ట కింద నిలబెట్టేవాళ్లు. అవతలివాళ్లు వేసి తప్పిన బంతిని అందుకుని, ఒంటిచేత్తో కోర్టు ఆ చివరికి విసిరేదాన్ని. అక్కడ మావాళ్లెవరో పట్టుకుని బుట్టలో వేసేవాళ్లు, పేపర్లో వాళ్ల ఫొటో పడేది. నాకేం బాధ ఉండేది కాదు, అందించడమే నా పని అనుకున్నాను. చదువయ్యాక ఆడడానికి చోటు దొరకలేదు, పెళ్లి మాత్రం అయింది. నా పొడుగు సామాన్లు దింపడానికి పనికొచ్చింది. మా అత్తగారు ఆర్లీన్ ప్రతి థాంక్స్‌గివింగ్ పండక్కీ పై అరలోంచి టర్కీ కోడి వండే పెద్ద గిన్నె నా చేత దింపించి, “దేవుడు నీకీ పొడుగు ఊరికే ఇవ్వలేదమ్మా, మాకు నిచ్చెన ఖర్చు తప్పించాడు” అంటుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. తర్వాత ఆ గిన్నె తోమి పైన పెట్టేది కూడా నేనే.

ఆడవాళ్లకి ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్ ఒకటి మొదలుపెడుతున్నారని, జట్ల కోసం ట్రయల్స్ జరుగుతున్నాయని క్లినిక్‌లో ఓ పేషెంట్ చెప్పింది. ఎవరికీ చెప్పకుండా నా పాత కాలేజీ ఆటల వీడియో పంపాను. రమ్మన్నారు. అప్పుడు ఇంట్లో చెప్పాను. వెండెల్ ఎగతాళి చెయ్యలేదు. చేసినా బాగుండేది. “వెళ్లిరా, నీకూ సరదాగా ఉంటుంది. శుక్రవారం రాత్రికి వచ్చేస్తావుగా, శనివారం పొద్దున కుర్రాళ్లకి ప్రాక్టీస్ ఉంది” అన్నాడు. అత్తగారైతే “పిల్లల్ని కనే వయసులో ఈ బంతులేంటమ్మా?” అంది. మీ అబ్బాయి జట్టుకి వేసేటప్పుడు అవి బంతులు కావా అని నోటిదాకా వచ్చింది. ఎప్పటిలాగే మింగేశాను.

శుక్రవారం తెల్లవారకముందే బయల్దేరి వెళ్లాను. మధ్యాహ్నానికల్లా పిచ్చర్, అంటే బంతి విసిరే మనిషి, నిలబడే మట్టి దిబ్బ మీద ఉన్నాను. ఒక్కొక్కరికి రెండు విడతలు బంతులు వేసే అవకాశం. సాయంత్రం పేర్లు పిలుస్తారు, పిలవనివాళ్లు ఇంటికి పోవాలి.

మొదటి విడతలో, బ్యాట్ పట్టుకుని ట్రయల్స్‌కి వచ్చిన అమ్మాయిలు నా బంతులన్నీ కొట్టారు. సిగ్గుపడాల్సిన విషయం అది కాదు. వాళ్లు కొడుతుంటే నాకు సంతోషమేసింది, అదీ సిగ్గు. జడ వేసుకున్న ఓ అమ్మాయి బంతిని కంచె అవతలికి పంపితే, “బాగా కొట్టావమ్మా” అనేశాను. ఆ పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

పిచ్చర్లకి కోచ్ యొలాండా. యాభై దాటిన మనిషి, బుగ్గన పొద్దుతిరుగుడు గింజలు పెట్టుకుని నములుతూ దిబ్బ మీదికి వచ్చింది.

“నీ వీడియో చూశాను. ఆ చెయ్యి చూసే పిలిచాం. దాన్ని ఇంట్లో పెట్టి వచ్చావా?”

“లేదండీ.”

“మరి బంతి వెయ్యగానే ఎడమకి వంగుతావేం? ప్రతిసారీనూ. ఎవరి నుంచి దాక్కుంటున్నావు?”

నాకు ముందు అర్థం కాలేదు. ఎడమవైపు చూశాను. అక్కడ ఏమీ లేదు, ఉత్త గడ్డి. బంతి చేతిని వదలకముందే నా ఒళ్లు లేని వల వెనక్కి దాక్కోవడానికి బయల్దేరుతోంది. ఉన్న బలంలో సగం అక్కడే పోతోంది.

“మా దగ్గర వల ఉంటుందండీ,” అన్నాను. “మా ఆయన కుర్రాళ్లకి వేస్తుంటాను. వాళ్లు కొట్టడానికి.”

“ఎన్నాళ్లుగా?”

“తొమ్మిదేళ్లు.”

“జీతమిస్తారా?”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పొట్టు పక్కకి ఊసి, “చూడమ్మాయ్, కొట్టించడానికి నిన్ను పిలవలేదు. ఆ జడ పిల్లయినా ఇంటికి పోవాలి, నువ్వయినా పోవాలి. ఎవరు పోతారో నువ్వే తేల్చుకో” అని వెళ్లిపోయింది.

రెండో విడతలో మళ్లీ ఆ పిల్లే వచ్చింది. భయమేసింది, అబద్ధం ఎందుకు. మొహానికి ఏ అడ్డమూ లేకుండా నిలబడడం మాటలు కాదు. మొదటి బంతి, ఆ పిల్ల వెనక బంతి పట్టడానికి కూర్చున్న క్యాచర్ తల మీదుగా పోయి గోడకి తగిలింది. ఎవరో కిసుక్కుమన్నారు. కానీ నేను వంగలేదు. రెండో బంతి ఆ పిల్ల చేతుల పక్కనుంచి దూసుకుపోయింది. వెనక్కి గెంతి నావైపు కొరకొరా చూసింది. బ్యాట్ పట్టుకున్న మనిషెవరూ నన్ను అంత కోపంగా చూసి ఎరగరు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఒకరికి నచ్చకపోవడంలో ఇంత హాయి ఉందని నాకెవరూ చెప్పలేదే అనుకున్నాను. తర్వాతి మూడు బంతులకీ ఆమె బ్యాట్ గాలినే కొట్టింది. నేనేమీ అనలేదు. తర్వాత వచ్చినవాళ్లలో ఒకరిద్దరికి తగిలాయి, మిగిలినవాళ్లకి లేదు.

సాయంత్రం యొలాండా పిలిచిన పేర్లలో నాది ఉంది. రేపు పొద్దున్నుంచే ఇక్కడ శిక్షణ, వేసవంతా జట్టుతో ఊళ్లు తిరగడం, నెలనెలా జీతం. బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. సుఖంగా ఏడ్చాను.

కారు దగ్గరికి వస్తుంటే వెండెల్ ఫోన్ చేశాడు.

“అయిపోయిందా? సరేలే, మనసులో పెట్టుకోకు. అంతదూరం వెళ్లావు, అదే గొప్ప. నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చెయ్. రేపు నువ్వొస్తావని కుర్రాళ్లకి చెప్పేశాను.”

నేనింకా హలో కూడా అనలేదు.

“నన్ను తీసుకున్నారు వెండెల్.”

“తీసుకున్నారా?”

“ఊఁ. రేపట్నుంచే ఇక్కడ ఉండాలి.”

పాపం, మంచిమాటే వెతుక్కున్నాడు. “మంచిదే. చాలా మంచిది. అయితే రేపు వీళ్లకి బంతులు ఎవరు వేస్తారు?”

ఇలాంటి ప్రశ్న ఆయన పూర్తి చెయ్యకముందే జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఎవరిని అడగాలో, షెడ్డు తాళం ఎక్కడుందో అన్నీ చెప్పేస్తాను. ఈసారి జవాబు కోసం వెతకలేదు.

“తెలీదు,” అన్నాను.

“మరి కుర్రాళ్లకి నేనేం చెప్పను?”

“కొరీన్‌కి ఉద్యోగం వచ్చిందని చెప్పు.”

సారీ చెప్పడం మర్చిపోయానని ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. మళ్లీ చెయ్యలేదు.