సున్నుండకి మిగిలేదెంత

మా అత్తయ్య మంగాయమ్మ బస్సులో నా పక్క సీట్లో కూర్చుని మినపప్పు వేయిస్తోంది. బస్సు మండపేట దాటి ఎటో పోతోంది, కిటికీ అవతల వరిచేలు మెల్లగా మా వంటింటి గోడలైపోతున్నాయి, ఆవిడ పోయి ఎనిమిది నెలలైందని నాకు తెలుసు, అయినా నాకు వింతగా తోస్తున్నది బస్సులోకి పొయ్యి ఎలా వచ్చిందన్నదొక్కటే.

"తుని పెళ్లికి రెండు వేల సున్నుండలు అడిగారటగా?" అంటుంది.

"అవునత్తయ్యా. కేటరింగ్ భాస్కరం గారు ఇవాళ ఫోన్ చేసి ఖాయం చేస్తారు. ఎప్పట్లాగే పన్నెండు రూపాయలు."

"పదిహేను చెయ్యమని మొత్తుకున్నాను కదే!"

మా తగువు దాని మీదే. రేటు పెంచితే జనం రారని నేను, పెంచకపోతే మనకేం మిగలదని ఆవిడ, చివరికి విసుగొచ్చి నేను టీవీ సౌండ్ పెంచేశాను, మర్నాడే ఆవిడ పోయింది.

"సరే, ఒక్క ఉండకి ఎంతవుద్దో చెప్పు."

పప్పు, బెల్లం, నెయ్యి, గ్యాసు, డబ్బా కలిపి పదకొండంటాను. "రూపాయి లాభం," అంటాను గర్వంగా.

"మరి నీ చెయ్యో?"

"నా చెయ్యేంటి?"

"వేయించేదీ చుట్టేదీ ఎవరే? ఇంకెవర్నన్నా పెడితే ఉండకి రెండ్రూపాయలు పుచ్చుకోరూ?"

వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే నా చేతులకి పదమూడు వేళ్లు తేలుతున్నాయి.

"ఎక్కువ అమ్ముతాం కదత్తయ్యా, కలిసొస్తుంది."

బస్సంతా నవ్వుతుంది. డ్రైవరైతే బండి ఆపి మరీ వెనక్కి తిరిగి నవ్వుతున్నాడు.

"ఉండకో రూపాయి పోతుంటే, రెండు వేలు అమ్మితే పోయేది రెండు వేలు! ఎదురు డబ్బిచ్చి చాకిరీ చేస్తావా? అన్నీ పోను మిగిలిందే లాభం. పదిహేనుకి అమ్ము, నీ కూలి పోను రెండు మిగుల్తాయి. రేపు మినుముల ధర పెరిగితే ఆదుకునేది ఆ రెండే."

"ఆ రోజు మీరు చెప్తుంటే సౌండ్ పెంచేశానత్తయ్యా," అంటాను.

"పోనీలేవే. అప్పటిదాకా ఆ సీరియలు వినపడక చస్తున్నాను," అంటూ ఆవిడ పప్పు కలుపుతూనే ఉంది, కండక్టరు గంట కొడుతూనే ఉన్నాడు, ఆ గంట ఎంతకీ ఆగదు.

మోగుతున్నది నా ఫోను. మధ్యాహ్నం మూడైంది. భాస్కరం గారు.

"పన్నెండు చొప్పున రాసేసుకోనామ్మా?"

"పదిహేనండి. అర్ధరూపాయి కూడా తగ్గదు."



"పక్కన పెద్దావిడ గానీ ఉన్నారాండీ?" అన్నారు గొంతు తగ్గించి. ఆవిడ పోయిన సంగతి తుని దాకా చేరినట్టు లేదు.

"ఇప్పటిదాకా ఉన్నారండి," అన్నాను.

"అయితే పదిహేనే రాసుకుంటానండి," అన్నారు.