పైగదిలో అడుగులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నలుగురితో వేగలేనని ఇంట్లోనే కూర్చుని, వినపడనివాళ్ళ కోసం సినిమాలకు కింద అక్షరాలు రాస్తుంటాను. మాటలే కాదు, చప్పుళ్ళూ రాయాలి. నా చెల్లికి పుట్టుకతోనే వినపడదు. నేను రాసేవి ఒక్కటీ వదలకుండా హాల్లో చదివేది అదే.

పోయిన నెల సినిమా క్లబ్బులో ఆట చూసి బయటికొచ్చాక మొహం మాడ్చుకుంది. ఏమైందని అడిగితే, చేతులతోనే నన్ను కడిగిపారేసింది.

"తలుపు కొట్టింది చచ్చాడనుకున్న డాక్టరని ముందే రాసేశావు. తలుపు తీసేసరికి హాలంతా ఉలిక్కిపడింది. నేనొక్కదాన్నే బొమ్మలా కూర్చున్నా."

"తెలిస్తే మంచిదేగా, భయం ఉండదు."

"భయపడదామనే కదక్కా టికెట్టు కొనుక్కుంది. ఒక్కసారి నన్నూ అందరితోపాటు భయపడనీ."

ఒళ్ళు మండింది. నాలుగు రోజులు దాని వైపు చూడలేదు. ఎవరొస్తున్నా, ఏమవుతున్నా చిన్నప్పటినుంచీ దానికి ముందే చెప్పి, ఏదో కాపాడేస్తున్నానని చంకలు గుద్దుకున్నదాన్ని మరి. నాది కోపం కాదు, సిగ్గని ఐదో రోజుకి గానీ తెలియలేదు.

ఈ నెల చేతికొచ్చింది ఒక పాత ఐరోపా సినిమా. పొగమంచు, సముద్రపొడ్డున ఒంటరి ఇల్లు, భర్త పడవతోపాటు మునిగిపోయాడని నమ్మిన ఒకావిడ. గంటసేపు చెప్పుకోదగ్గదేమీ జరగదు. ఆవిడ దీపం వెలిగిస్తుంది, కిటికీ మూస్తుంది, మెట్ల వైపు చూస్తుంది. అంతే. అయినా పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్నా నేను కుర్చీలోంచి లేవలేదు. ఏదో జరగబోతోందన్న ఆ ఎదురుచూపులోనే ఉంది దాని రుచంతా.

అప్పుడు పైగదిలో అడుగులు. అలవాటు కొద్దీ "భర్త అడుగుల చప్పుడు" అని టైపు చేశాను. సినిమా చివరికి గానీ తెలియని సంగతి అది. నాలుక కరుచుకుని మొదటి మాట చెరిపేసి, అక్కడ "పైగదిలో" అని పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం ఆటకి ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. తెర మీద "పైగదిలో అడుగుల చప్పుడు" అని పడింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. చెల్లి నా వైపు తిరిగి, తెర వెలుగులో చేతులెత్తి "ఎవరది?" అని అడిగింది.

చెప్పేద్దామని నా చేతులు వాటంతటవే లేచాయి. దాని కళ్ళు ఇంతింత అయ్యాయి. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

"నాకేం తెలుసే," అన్నాను.

అది నా రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది. ఇక చెప్పాలన్నా చెప్పలేను. ఆట అయ్యేవరకూ వదల్లేదు.