నల్ల డబ్బా మీద కొబ్బరికాయ

మృగశిర వాన రాత్రంతా కురిసి, తెల్లవారేసరికి వెలిసింది. చెలకలో పదును కుదిరింది. ఎర్రమట్టిలో ఆ తడి ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. ఆలోపల దున్ని విత్తనం వేసినవాడికి జొన్న దక్కుతుంది. ఆలస్యమైనవాడికి గడ్డి దక్కుతుంది.

ఆ చెలక మొన్నటి దాకా దొరది. దొర పట్నం పారిపోయాక సంఘం దాన్ని కొలిచి ఇంటింటికీ పంచింది. భూమి అయితే వచ్చింది గాని దున్నడానికి ఎడ్లు లేవు. ఎండాకాలంలో రజాకార్లు ఊరి మీద పడి, కొట్టాలకు నిప్పు పెట్టి, ఉన్న ఎడ్లన్నిటినీ తోలుకుపోయారు. మిగిలింది గడీ వెనక రేకుల కొట్టంలో దొర వదిలిపోయిన చిన్న ట్రాక్టరు ఒక్కటే.

దాని ముందర కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు కమ్మరి లింగయ్య.

ఏరువాక నాడు మొదటి కాయ కొట్టేది కమ్మరి. కర్రు చేసిన చెయ్యి కాయ కొడితేనే ఆ ఏడు నాగలి విరగదని ఆ ఊరి నమ్మకం. కాయ ఇనుము మీదనే పగలాలి. ఏటేటా ఆయన నాగటి కర్రు మీద కొట్టేవాడు. ఈ ఏడు నాగళ్లు చూర్లకు వేలాడుతున్నాయి.

"యాడ కొడుతవు లింగన్నా?" అని అడిగాడు సంఘం పెద్ద ఉప్పలయ్య. "నెత్తి మీద కొడుతవా, మూతి మీద కొడుతవా? దీనికి మూతి యాడున్నదో నాకైతే సమజైతలేదు."

జనం నవ్వారు. లింగయ్య నవ్వలేదు. ఆయన చూపంతా ట్రాక్టరుకు అవతల నిలబడ్డ సాంసన్ మీద ఉంది. సాంసన్ చేతిలో ఇంజను తిప్పే హ్యాండిలు, భుజాన పనిముట్ల సంచి. ఆ రెండూ కనకయ్యవి.

కనకయ్య లింగయ్యకు అన్న. కొలిమి విడిచి దొర ట్రాక్టరు నడపడానికి పోయినవాడు. చలికాలంలో గడీ ముందర రజాకార్ల తుపాకీ గుండుకు పడిపోయాడు. ఆ పొద్దు లింగయ్య తొర్రూరు అంగట్లో ఇనుప ముక్కలు బేరమాడుతున్నాడు. అన్న తలను ఒళ్లో పెట్టుకున్నవాడు సాంసన్. అన్న ఆఖరి మాట విన్నవాడూ సాంసనే. కర్మలయ్యాక వదిన యాకమ్మ ఆ సంచిని కొలిమికి తేలేదు. కొలిమి దాటుకుంటూ పోయి సాంసన్ చేతిలో పెట్టింది.

"నేర్చినోని కాడనే ముట్లుండాలె," అంది. మరుదులతో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు ఆమె.

నేర్చినవాడు ఎట్లా నేర్చాడో లింగయ్యకు తెలుసు. సాంసన్ గడీలో వెట్టికి ట్రాక్టరు కడిగేవాడు. మాదిగవాడలో చర్చికి పోయే కుటుంబం వాళ్లది. కనకయ్య వాణ్ణి ఇంజను కింద పక్కన పడుకోబెట్టుకుని, చెవిలో మంత్రం చెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్పేవాడు. లింగయ్య కూడా ఒకనాడు పోయాడు. ఇంజను పక్కన ఉన్న నల్ల డబ్బా మూత మీద చెయ్యి వేశాడో లేదో, అన్న ఆ చేతిని పక్కకు నెట్టాడు.

"దాని మీద చెయ్యి పెట్టకు తమ్మీ."

అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కాని ఎన్ని కర్రులు సాగగొట్టినా ఆ నెట్టుడు లింగయ్య చేతి మీది నుంచి పోలేదు. సమ్మెట ఎత్తే చెయ్యి అది. కమ్మరింటి చెయ్యి. దాన్ని తోసేసి, అన్న ఆ విద్యను బయటివాడి చేతిలో పెట్టాడు.

"కానియ్యి లింగన్నా, పదును ఆరిపోతది," అన్నాడు ఉప్పలయ్య.

ఇంజనుకు నిప్పురవ్వ అందించేది ఆ నల్ల డబ్బానే. కనకయ్య దానికి ఎప్పుడూ మైనపు గుడ్డ చుట్టి ఉంచేవాడు. పూజ అని ఆడవాళ్లు ఆ గుడ్డ విప్పి పడేసి, డబ్బాకు కూడా పసుపు రాసి బొట్టు పెట్టారు. ఇంకెక్కడా అంత ముద్దుగా బొట్టు కుదరలేదు. లింగయ్య చెయ్యి ఎత్తి, సరిగ్గా ఆ డబ్బా అంచు మీద కాయ కొట్టాడు. ఒక్క దెబ్బకు పగిలింది. నీళ్లు మూత మీదుగా జారాయి. జనం చేతులెత్తి మొక్కారు. సాంసన్ కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంటున్నాడు. కాయ ఎక్కడ పగిలిందో చూడలేదు.

తర్వాత హ్యాండిలు తగిలించి తిప్పాడు. ఇంజను ఉలకలేదు. మళ్లీ తిప్పాడు. పలకలేదు.

"నిన్న పొద్దుమీకి ఒక్క తిప్పుడుకే మొరిగింది గద, ఇయ్యాల ఏమొచ్చింది దీనికి?" అన్నాడు ఉప్పలయ్య.

"దొర యాదికొచ్చిండేమో," అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

"ఔ అవ్వా. దొర నూనె తాపిండు, మనం పసుపు పూసినం. అలగక ఏంజేస్తది?" అన్నాడు ఉప్పలయ్య.

సాంసన్ నవ్వుతూనే పనిలోకి దిగాడు. ముందు పెట్రోలు వస్తున్నదా లేదా చూశాడు. గొట్టం విప్పి నోటితో ఊదాడు. దారి సాఫుగానే ఉంది. ప్లగ్గులు విప్పి వేలితో తడిమాడు. రెండూ తీసుకుని లింగయ్య దగ్గరికి వచ్చాడు.

"లింగన్నా, జర కొలిమిల కాల్చియ్యవా? తడి పట్టినట్టున్నయి."

నిరుడు ఇదే సాంసన్ దూరాన నిలబడి 'అయ్యా' అనేవాడు. సంఘం వచ్చాక ఊరంతా అన్నలే అయ్యారు. అందుకు లింగయ్యకు బాధ లేదు. ఆ పిలుపు వాడు తన అన్నను ముందు పిలిచాడు. అదీ బాధ. తాను పిలిచినప్పుడు ఎన్నడూ పలకనంత మెత్తగా కనకయ్య వాడికి పలికేవాడు.

లింగయ్య పక్కనే ఉన్న తన కొలిమిలో ప్లగ్గులను పట్టుకారుతో పట్టి, తిత్తి ఊది, మసి రాలేదాకా కాల్చి ఇచ్చాడు. చేతికి వచ్చిన పనిని చెడగొట్టడం ఆయనకు తెలియదు.

అయినా ఇంజను కదలలేదు. సాంసన్ ఒక ప్లగ్గును తీగకు తగిలించి, ఇంజను ఇనుము మీద పడుకోబెట్టి, ఉప్పలయ్యను హ్యాండిలు తిప్పమన్నాడు.

"దీని మూతిల రవ్వ లేవాలె. చూడుండ్రి."

అందరూ వంగి చూశారు. రవ్వ లేవలేదు. సాంసన్ తీగ మార్చాడు. సంచిలో ఉన్న ఇంకో ప్లగ్గు వేశాడు. మళ్లీ తిప్పాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నల్ల డబ్బా దగ్గరికి మాత్రం చెయ్యి పోనివ్వలేదు.

కొట్టం నీడన గొంతుక్కూర్చుని లింగయ్య ఇదంతా చూస్తున్నాడు. కడుపులో చల్లగా ఉంది, ఎండలో వచ్చి కుండ నీళ్లు తాగినట్టు. అన్న చెవిలో చెప్పిన విద్య ఇంతేనన్నమాట. వదిన తెచ్చి ఇచ్చిన సంచిలో ఉన్నది ఇంతేనన్నమాట. యాకమ్మ అక్కడే నిలబడి సాంసన్ చేతులనే చూస్తోంది. చూడనియ్యి, అనుకున్నాడు.

అప్పుడు చీమలు కనబడ్డాయి.

ఎర్ర చీమలు. చక్రం మీది నుంచి బారుగా ఎక్కి, ఇంజను పక్కగా పోయి, నల్ల డబ్బా మూత కిందికి దూరుతున్నాయి. కొన్ని బయటికి వస్తున్నాయి. తియ్యటిది ఉన్నచోటికే చీమ పోతుంది. లింగయ్యకు చప్పున అర్థమైంది. కాయ నీళ్లు మూత సందులోంచి లోపలికి దిగాయి. తడిసినచోట నిప్పు పుట్టదని కమ్మరికి ఎవరు చెప్పాలి?

చెప్పవలసింది ఒక్క మాట. చెబితే సాంసన్ గెలుస్తాడు. చెప్పకపోతే ఇవాళ్టితో కనకయ్య విద్య సాంసన్ దగ్గర లేదని ఊరికి తెలుస్తుంది. లింగయ్య పైకండువాతో మొహం తుడుచుకుని, చీమల వైపు చూడడం మానేశాడు.

పొద్దు నడినెత్తికి వస్తోంది. ఉప్పలయ్య లేచి పంచె ఎగగట్టాడు.

"ఇది లేచేదాక కూసుంటే మట్టి ఇటుకైతది. నాగండ్లు దించుండ్రి. ఎడ్లు లేకుంటే ఏమాయె, ఇంతమందిమి లేమా?"

"నువ్వు దాపటెద్దువా, వలపటెద్దువా ఉప్పలన్నా?"

"నేను ఏ దిక్కు కడితే ఆ దిక్కు. గడ్డి మాత్రం ముందుగాల నాకే ఎయ్యాలె."

నవ్వుకుంటూనే నాగలి దించారు. కాడికి ఒక కొస ఉప్పలయ్య భుజం పెట్టాడు. రెండో కొసకు ఎవరు వస్తారా అని చూసుకునేలోపల యాకమ్మ కొంగు నడుముకు చెక్కి వచ్చి కాడి కింద భుజం పెట్టింది. వద్దని ఎవరో అన్నారు. "నా పాలుకొచ్చిన చెలక నేను దున్నొద్దా?" అంది.

కొట్టం పక్కనే చెలక. నాగలి మట్టిలో దిగింది. ఆ కర్రు లింగయ్య సాగగొట్టినదే. లోతుగా దిగాలని మొన ముందుకు వంచి మరీ కొట్టాడు. ఇప్పుడది అంత లోతూ దిగి, లాగేవాళ్లను వెనక్కి లాగుతోంది. సాలు సగానికి రాకముందే యాకమ్మ మోకాళ్ల మీద పడింది. లేచింది. మళ్లీ లాగింది. మళ్లీ పడింది. ఈసారి వెంటనే లేవలేదు. రెండు చేతులూ మట్టిలో ఆనించి అలాగే ఉండిపోయింది. గడీ ముందర అన్న పడిపోయిన తీరును లింగయ్య చూడలేదు. ఇలాగే పడి ఉంటాడు అనిపించింది.

ఆయన లేచి ట్రాక్టరు దగ్గరికి పోయాడు.

"నల్ల డబ్బా విప్పు."

సాంసన్ తల ఎత్తాడు. "గది విప్పొద్దన్నడు అన్న. ఎన్నడు చెయ్యి పెట్టకన్నడు."

"నీకు గూడనా?"

"నాకు గూడ. ఒకనాడు ముట్టుకుంటే చెయ్యి మీద గుంజి కొట్టిండు. పట్నం నుంచి మిస్త్రీ వచ్చి విప్పాలె గని, నేను గూడ విప్ప అన్నడు."

లింగయ్య తన చేతిని చూసుకున్నాడు. అన్న దీన్ని నెట్టాడు, వీడి చేతిని కొట్టాడు. ఇన్నేళ్లుగా తనకొక్కడికే జరిగిందనుకున్నది వీడికి ఇంకా గట్టిగా జరిగింది.

"కాయ దాని మీదనే కొట్టిన," అన్నాడు చివరికి. "నీళ్లు లోపటికి పోయినయి. చీమలు సూడు."

సాంసన్ చీమలను చూశాడు. లింగయ్య మొహం చూశాడు. పెట్రోలు బంద్ చేసి, సంచిలోంచి మరలు విప్పే పనిముట్టు తీశాడు.

మూత రాగానే కొబ్బరి వాసన గుప్పుమంది. లోపల చీమలు గుంపు కట్టి ఉన్నాయి. రాగి ముక్కల మీద నీళ్లు జిగురుగా నిలిచి ఉన్నాయి. సాంసన్ గుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచాడు. తడి బయటికి పోయినా లోపల తీగ చుట్టలకు పట్టిన చెమ్మ పోలేదు.

"కొలిమిల పెడుదమా అన్నా?"

"తీగెలకు లక్క పూసున్నది. వాసన తెలుస్తలేదా? సెగకు కరిగిపోతది." లింగయ్య ఆలోచించాడు. తర్వాత చెలక గట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్న యాకమ్మను పిలిచాడు. "వదినా, బాలెంతకు కాపడం పెట్టినట్టు దీనికి పెట్టాలె. ఇసుక మూటలు కట్టియ్యవా?"

యాకమ్మ మరిది వైపు వింతగా చూసి, లేచి వచ్చింది. కొలిమి పక్కన ఇసుక వేడి చేసి, పాత చీర పేలికల్లో మూటలు కట్టింది. ఒక్కో మూటను ముందు తన చెంపకు ఆనించి చూసుకుని ఇచ్చింది. లింగయ్య ఒకటి చల్లారగానే ఇంకోటి, డబ్బా చుట్టూ ఒత్తుతూ పోయాడు. తీసిన మూతను సాంసన్ ఎండకు పట్టుకుని నిలబడ్డాడు. కాడి దించి వచ్చిన ఉప్పలయ్య గడ్డం గోక్కుంటూ, "మగపిల్లనా, ఆడపిల్లనా?" అని అడిగాడు.

మూటలు మారుతుండగా లింగయ్య తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆఖరికి అన్న ఏమన్నడు?"

చలికాలం నుంచి అడగాలనుకున్నది. అన్న ఎంత మాట్లాడి ఉంటాడో, ఏమేమి అప్పజెప్పి ఉంటాడో, కొలిమి ముందర కూర్చుని తాను ఎన్ని విధాలుగా ఊహించుకున్నాడో.

"నీళ్లడిగిండు," అన్నాడు సాంసన్.

"ఇంక?"

"ఇంకేం లేదన్నా. బాయి కాడికి ఉరికిన. తెచ్చేటాలకు..." మూతను ఇటు నుంచి అటు తిప్పాడు. "తాగలేదు."

యాకమ్మ చేతిలోని మూట అలాగే ఆగింది. తర్వాత దాన్ని లింగయ్యకు అందించింది. లింగయ్య ఒత్తాడు. వేడి చాలా సేపు నిలిచింది.

మూత బిగించాక సాంసన్ హ్యాండిలు తెచ్చి లింగయ్య చేతిలో పెట్టాడు. "నా చేతులు పలిగినయి. నువ్వు తిప్పు. బొటనేలు చుట్టు తిప్పకు, నాలుగేళ్ల పక్కకే పెట్టు. ఎనుకకు తన్నితే ఎముక ఇరుగుతది. అన్న గట్లనే చెప్పిండు."

తనకు చెప్పలేదు. ఆ మాట ఇప్పుడూ చురుక్కుమంది. లింగయ్య బొటనవేలు పక్కకు పెట్టి తిప్పాడు. ఇంజను దగ్గింది. రెండోసారి తిప్పాడు. పొగ ఎగిసింది, రేకులు అదిరాయి, ముసలమ్మ చెవులు మూసుకుంది. ఉప్పలయ్య కేక ఎవరికీ వినబడలేదు.

సాంసన్ ఎక్కి కనకయ్య కూర్చునేచోట కూర్చున్నాడు. లింగయ్య చూశాడు. చూడడం కష్టంగానే ఉంది. అయినా మొదటి సాలు చివరిదాకా చూశాడు.

పొద్దు వాలేసరికి చెలకలో సగానికి పైగా ఎర్రగా తిరగబడింది. ట్రాక్టరు కొట్టానికి వచ్చేసరికి లింగయ్య ఒక తోలు ముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిత్తికి వేద్దామని దాచుకున్న మంచి తోలు. మైనపు గుడ్డ పొద్దున కాళ్ల కింద పడి చినిగిపోయింది. ఆయన తోలును నల్ల డబ్బాకు చుట్టూ చుట్టి, తడిపిన తోలు వారుతో బిగించి ముడి వేశాడు. తిత్తికి వేసే ముడి అది. కమ్మరి తప్ప ఇంకొకడు విప్పలేడు.

సాంసన్ వంగి ఆ ముడిని వేలితో కదిలించి చూశాడు. "రేపు తెల్లారి తీగెలు సూడాలంటె దీన్ని ఎట్ల ఇప్పాలె లింగన్నా?"

"కొలిమి కాడికొచ్చి పిలువు," అన్నాడు లింగయ్య. "నేనొచ్చి ఇప్పుత."

యాకమ్మ ఆ ముడిని చూసింది, మరిదిని చూసింది, చల్లారిన ఇసుక మూటలు ఏరుకుంది.