ఒకరికి తెలియని ఇంకొకరి మందు

నూజివీడు మామిడికాయల వ్యాపారి వీరభద్రరావుకు ఇద్దరు డాక్టర్లు. ఒకరి దగ్గరికి వెళ్తున్న సంగతి ఇంకొకరికి తెలియనివ్వకుండా నెట్టుకొస్తున్నాడు.

చక్కెర జబ్బుకు బిళ్ళలు రాసిచ్చింది సొంత అల్లుడు, డాక్టర్ ప్రభాకరరావు. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఇంటిల్లిపాదికీ వైద్యం చేసింది విస్సన్నపేట శేషగిరిరావుగారు.

"ఆయన దగ్గరికి ఇక వెళ్ళకండి మావయ్యగారూ, అదంతా పాతకాలం వైద్యం," అన్నాడు అల్లుడు. పిల్లనిచ్చిన చోట ఎదురు చెప్పలేక వీరభద్రరావు సరేనన్నాడు.

ఆ వేసవి, సరిగ్గా కాయకోతల్లో, మోకాళ్ళు పట్టేశాయి. అల్లుడిచ్చిన పూతమందు పనిచెయ్యలేదు. గుట్టుగా విస్సన్నపేట బస్సెక్కి నొప్పి బిళ్ళలు తెచ్చుకున్నాడు. చక్కెర బిళ్ళల మాట పెద్దాయన దగ్గర ఎత్తలేదు. ఎత్తితే వైద్యుణ్ణి మార్చిన సంగతి బయటపడుతుంది.

నాలుగోనాడు తోటలో పని తెమలక భోజనానికి ఆలస్యంగా ఇంటికొచ్చాడు. వీధి గుమ్మంలోనే కాళ్ళు తడబడ్డాయి. భార్య తులసమ్మ ఏదో అడిగింది. జవాబు చెప్పబోతే నాలుక మడతపడింది. చొక్కా చెమటకు ఒంటికంటుకుపోయింది. అవి మద్యనిషేధం రోజులు. ఎదురింటి అరుగు మీద వాళ్ళు తలలెత్తి చూశారు.

"తాగొచ్చారా?" అంది తులసమ్మ గొంతు తగ్గించి. రెక్క పట్టుకుని గదిలోకి తోసి బయట గడియపెట్టింది. "పోలీసులకు తెలిస్తే పరువేం కాను? దిగేదాకా అక్కడే పడుండండి."

తాగలేదని చెప్పాలనుకున్నాడు. మాట బుర్రలో ఉంది, నోటికి రావడం లేదు. తలుపెటుందో తెలియలేదు. గోడ తడుముతూ పోతే మళ్ళీ గోడే తగిలింది. గుండె దడదడలాడుతోంది. కిటికీ చువ్వల అవతల తులసమ్మ కళ్ళొత్తుకుంటూ కనిపిస్తే చెయ్యెత్తాడు. కొట్టబోతున్నాడనుకుని ఆమె ముఖం తిప్పుకుంది.

ధబ్బున పడిన చప్పుడుకు గడియ తీసింది. వంగి చూసింది. సారా వాసన లేదు. పక్కవీధిలో ఉన్న అల్లుడికి కబురంపింది.

అతను వస్తూనే కళ్ళు చూసి, నాడి చూసి, "పంచదార నీళ్ళు తెండి," అన్నాడు. గుక్క గుక్కగా తాగిస్తే కాసేపటికి వీరభద్రరావు మనుషుల్ని గుర్తుపట్టాడు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

వీరభద్రరావు భార్యను చూశాడు, అల్లుణ్ణి చూశాడు. ఇక దాచే వీల్లేదు. కండువా మడతలోంచి పొట్లం తీసిచ్చాడు.

ప్రభాకరరావు బిళ్ళలు వెలుతురులోకి తిప్పి చూశాడు. "ఇవి వేసుకుంటే చక్కెర బిళ్ళ ఒంట్లోంచి తొందరగా పోదండి. దాని జోరు పెరిగి రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. వెళ్ళొద్దన్నానే గాని, ఏం వాడుతున్నారని నేనూ అడగలేదు."

"మోకాళ్ళ మాటేంటి మరి?"

"వీటితో మాత్రం కుదరదు."

"వీధంతా చూసింది. వాళ్ళకేం చెప్పను?" అంది తులసమ్మ.

వారం తరవాత అల్లుడే మావగారిని విస్సన్నపేట తీసుకెళ్ళాడు. శేషగిరిరావుగారు అంతా విని, "ఒక్క మాట చెప్పి ఉంటే ఇచ్చేవాణ్ణి కాదు కదయ్యా," అన్నారు. వీరభద్రరావు తల వంచుకున్నాడు. డాక్టర్లిద్దరూ ఒక కాగితం ముందేసుకుని, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఇంగ్లీషులో మాట్లాడుకోసాగారు. ఒక్క ముక్కా అర్థంకాక, లేచి పోనూలేక, వీరభద్రరావు మోకాళ్ళు నొక్కుకుంటూ ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.