రాతిపీఠం మీద ఎద్దు

చివరి బొమ్మ ఒక్కటే మిగిలింది. దాని పుణ్యమా అని బొమ్మలావిడ ఉదయం నుంచి ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. మొన అరగని పెన్సిలునే మళ్ళీ మళ్ళీ చెక్కింది. తెరిచిన కిటికీ మూసింది, మూసినదాన్ని తెరిచింది.

“ఏమిటోయ్, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?” అన్నాడు భర్త, పేపరు వెనక నుంచి.

“పిల్లికి కాలే కాలింది. నాకు ఒళ్ళంతా మండుతోంది.”

మంటకు కారణం అక్క కొడుకు. ప్రచురణ సంస్థ అతనిదే. ఎప్పుడో కాలం చేసిన ఒక బడిపంతులు రాసిన జంతువుల కథను, దాని ఆధారంగా తీసిన కార్టూన్ సినిమా బొమ్మలతో మళ్ళీ అచ్చు వేస్తున్నాడు. సినిమావాళ్ళ షరతు ఒకటే: పుస్తకంలోని ప్రతి బొమ్మా తెరమీద కనిపించినదై ఉండాలి. ఆమె గీసి పంపినదాన్ని వాళ్ళు సినిమాలోని బొమ్మ మీద పరిచి చూస్తారు. గీతకు గీత కలిస్తే ఆమోదముద్ర వేస్తారు.

కథలో జంతువులన్నీ ఏకమై, తమను పీల్చి పిప్పి చేసిన ఎలుగుబంటిని అడవి దాటిస్తాయి. ముందు నడిచిన ఎద్దు, ఎలుగు కూర్చున్న ఆ రాతిపీఠమే ఎక్కి కూర్చుని, “ఇక ఎవరూ గొంతెత్తనక్కర్లేదు” అంటుంది. పంతులు కథను అక్కడ ముగించాడు. సినిమాలో మాత్రం ఎద్దు వెనక సూర్యుడు పొడుస్తాడు, కుందేళ్ళు గంతులేస్తాయి. ఏలేవాడు మారితే ఏలుబడి మారినట్టేనని పసిపిల్లలకు నూరిపోసే ఆ సూర్యోదయాన్ని చూసినప్పుడల్లా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఫోను మోగింది.

“పిన్నీ, ఆఖరి బొమ్మ అయిందా? రేపు అచ్చుకెళ్ళాలి.”

“కథ ఒకటి చెప్తుంటే బొమ్మ ఇంకోటి చెప్పడమేమిట్రా?”

“అందుకే ఆ చివరి పేరా తీసేస్తున్నా. గొడవ వదులుతుంది. నాలుగు వాక్యాలేగా!”

“తల నరికి, జానెడేగా అన్నాట్ట నీలాంటివాడే.”

“అబ్బా! సూర్యుడు లేకపోతే పిల్లల తల్లిదండ్రులు నా దుంప తెంచుతారు పిన్నీ.”

ఆమె ఫోను పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చుంది. సినిమాలోని ఆ చివరి ఘట్టాన్ని మీట నొక్కుతూ ఒక్కొక్క బొమ్మగా నడిపించింది. కదిలే బొమ్మ అంటే కదలని బొమ్మల వరసే. ఇన్నాళ్ళూ ఆమె అందులో అందమైనచోట ఆపి గీసింది, నడిమివాటి జోలికి పోలేదు. పీఠాన్ని మళ్ళీ గీయడానికి సినిమావాళ్ళు బద్ధకించినట్టున్నారు. ఎలుగు కూర్చున్న పాత చిత్రంలోనే ఎలుగును చెరిపేస్తూ ఆ చోటే ఎద్దును తేల్చారు. ఆ రెంటి నడుమ, కన్ను పట్టలేని రెప్పపాటులో, పీఠం మీద రెండూ ఉన్నాయి. కొమ్ముల కింద కోరలు. గిట్టల్లోంచి గోళ్ళు. సాధువైన ఎద్దు కళ్ళలో ఆ పాత కళ్ళు.

ఆమె అక్కడ ఆపి, ఉన్నదున్నట్టు గీసి సినిమావాళ్ళకు పంపింది. తన కోపాన్ని ఒక్క గీతలోనూ కలపలేదు. కలిపితే ముద్ర పడదు.

సాయంత్రానికల్లా అక్క కొడుకు ఊడిపడ్డాడు. “వాళ్ళు ఒప్పేసుకున్నారు పిన్నీ! ముద్ర కూడా కొట్టేశారు. అసలు చూశారంటావా?”

“కొలిచారు. చూడాలని షరతులో లేదుగా.”

“మావాడు ఈ సినిమా అరిగిపోయేలా చూశాడు. నేనూ పక్కనే ఉన్నా. ఇదెక్కడుంది?”

ఆమె తెర చూపించింది. అతను ముందుకు వంగి చూశాడు.

“పిల్లలు జడుసుకుంటారు.”

“జడుసుకోనీ. మోసపోరు.”

“సూర్యుడి బొమ్మ కూడా ఒకటి గీసిచ్చావంటే...”

“గీయను. ఇంకెవరితోనైనా గీయించుకో. నా పేరు మాత్రం పుస్తకం మొత్తంలోంచీ తీసెయ్.”

“బాబాయ్, నువ్వైనా చెప్పు!”

“నేనా? ఈ ఇంట్లో నేను పేపరు చదువుతానంతే నాయనా.”

అతను నెత్తి గోక్కున్నాడు, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. చివరికి అచ్చు పనివాళ్ళకు ఫోను చేశాడు. “ఆ చివరి పేరా ఉంచండి. మొత్తం. పక్కన కొత్త బొమ్మ వస్తుంది... తెలుసండీ, పిల్లల పుస్తకమే!”

ఫోను జేబులో వేసుకుని, “ఇక ఆ తెర ఆపెయ్ పిన్నీ,” అన్నాడు.

ఆమె ఆపలేదు, సినిమాను ముందుకు నడిపింది. ఎద్దు నిండుగా తేలింది. వెనక సూర్యుడు పొడిచాడు. కుందేళ్ళు గంతులేశాయి.

“ఏం కనిపిస్తోందిరా?”

“కోరలు,” అన్నాడతను, అవి లేని చోటికేసి చూస్తూ.