ఆముదపు గుడ్డలు

దావీదురాజును జీపులో ఎక్కించుకోనన్నాడు ఓబుళరెడ్డి. సీట్లకు నెత్తురంటుతుందట. ఆయన పంటకు కాపలా కాస్తూ ముఖం కాలిన మనిషి, ఆయన తుపాకి పక్కనే పడి మూలుగుతున్నాడు. చివరికి మేమే ఎద్దులబండి కట్టి ఆళ్లగడ్డ ఆస్పత్రి దారి పట్టాం. సగం దూరంలోనే ప్రాణం పోయింది. ఎస్సై వచ్చి, రెడ్డి ఇంట్లో కాఫీ తాగి, భార్య తుపాకి గుడ్డ సరిగా కోయనందువల్లే జరిగిందని రాసుకుని పోయాడు.

ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అహోబిలం కొండల అంచున మా ఊరు. అడవి పందులు దిగాయంటే వేరుశనగ చేను మట్టిదిబ్బే. చేను రెడ్డిది, లైసెన్సున్న నాటు తుపాకి రెడ్డిది, కాపలా మాత్రం మా క్రైస్తవ వాడది. కాదంటే మేం చేసుకునే కౌలుభూమి లాక్కుంటాడు. ఆ తుపాకిని మూతి వైపు నుంచి నింపాలి. మందు పోసి, నూనెగుడ్డలో చుట్టిన సీసం గుండును ఇనుపకమ్మీతో అడుగుదాకా దించాలి. గుడ్డ జారాలి, నిప్పు పట్టి లోపల ఉండిపోకూడదు.

ఆ గుడ్డలు దావీదురాజు భార్య సంతోషమ్మ చేసేది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరే తీసుకునేది. ఆముదంలో తేనెమైనం కరిగించి, గుడ్డ ముంచి పిండి, నీడన ఆరేసి, సోడామూత పెట్టి గీసి గుండ్రంగా కత్తిరించేది. మొగుడి ప్రాణం ఆ గుడ్డలో ఉందని ఆమెకు తెలుసు.

వాడలో ఆడవాళ్ల పాత చీరలన్నీ ఏళ్ల తరబడి ఆ గొట్టంలోకే పోయాయి. రెండువేల నాలుగు ఎలక్షన్లకు రెడ్డి ఇంటింటికీ తళతళలాడే పాలిస్టర్ చీర పంచాడు. నూలు అయిపోయిందని సంతోషమ్మ చెప్పబోతే రెడ్డి జీతగాడు పెద్దన్న కసిరాడు.

"ఇచ్చిన చీరలుండాయి గదా, అవి కొయ్యి."

"అది నూనె తాగదప్పా. కరిగి అంటుకుంటాది. రెడ్డితో ఒక పాత నూలు పంచె ఇప్పియ్యి."

"రెడ్డి పంచె కావల్నా నీకు? నోరు శానా లేస్తాండాదే!"

కోసింది. కోయక ఏం చేస్తుంది? మొదటి గుండు పేలింది. కరిగిన గుడ్డ గొట్టంలో అతుక్కుని నిప్పు పట్టుకునే ఉంది. దావీదురాజు రెండోసారి మందు పోశాడు.

సమాధి దగ్గర సంతోషమ్మ ఏడవలేదు. పెట్టెలోంచి తన పెళ్లినాటి తెల్ల నూలు చీర తెచ్చి అతని మీద కప్పింది.

"ఇది దాచుకుంటి. దీన్ని కోసింటే నా మనిషి బతికేటోడు. నేనే సంపుకుంటి."

ముసలి మద్దమ్మ ఒక్కసారిగా లేచింది.

"నోర్ముయ్యే! పెండ్లి చీర దాచుకునేది గూడా తప్పేనా? ఆ పాలిస్టర్ చీర నువ్వు తెచ్చినావా? అదే కొయ్యమని నువ్వు చెప్పినావా?"

చర్చి ముందరే కూర్చున్నాం. ఇక కాపలాకు పోవద్దని కొందరు, పోకుంటే ఎట్లా అని కొందరు.

"కౌలు పీకేస్తాడు," అన్నాడు యేసుప్రసాద్, దావీదురాజు తమ్ముడు. "కోసిగి ఊరోళ్ల మాదిరి మూట కట్టుకోని వలస పోవల్ల."

"నీ పెండ్లాము గూడా రేపు గుడ్డలు కోస్తాదిలే," అంది మద్దమ్మ. "నిన్నూ బండిలో ఏసుకోని తిప్పుకోని రావల్నా మేము?"

తర్వాత ఇంకెవరూ కౌలు మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున పెద్దన్న తుపాకి కడిగించి తెచ్చాడు. "పందులు దిగుతాండాయి. గుడ్డలు యాడ?"

సంతోషమ్మ లోపలికి పోయి కత్తెర తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"రెడ్డి పంచె నూలుదే గదా పెద్దన్నా. అది కొయ్యమను. తుపాకి గూడా ఆయన్నే పట్టుకోమను."

వాడ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పాలిస్టర్ చీరలు అతని కాళ్ల దగ్గర పడేశారు. పోలీసుల్ని పిలిపిస్తానన్నాడు. పిలిపించమన్నాం. తుపాకి భుజాన వేసుకుని, కత్తెర చేతిలోనే పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రెడ్డి చేలో పందులు పడ్డ చప్పుడు వాడంతా వినిపించింది. కౌలు పోతుందని అందరికీ తెలుసు. ఒక్కరం కూడా లేవలేదు. సంతోషమ్మ గడప మీద కూర్చుని కాసేపు ఆ చప్పుడు విన్నది. తర్వాత, మొగుడు పోయాక మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది. మేమందరం పోయి ఆమె చుట్టూ కూర్చున్నాం.