హెలెన్‌ను ఎవరూ నడవనివ్వరు

గిద్దలూరులో ఏ పనైనా చేయొచ్చు గానీ, తీరిగ్గా నాలుగడుగులు నడవడం మాత్రం ఎవరి తరమూ కాదు. నమ్మకపోతే హెలెన్‌ను అడగండి.

హెలెన్ ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పొద్దున కుర్చీలో కూలబడితే సాయంత్రం దాకా లేవదు. ఆ కూర్చోవడంలోనే షుగర్ వచ్చి పడింది. "రోజూ ఆఫీసు నుంచి ఇంటికి నడిచే పో. పరుగులొద్దు, ఆయాసమొద్దు, కబుర్లు చెప్పుకునేంత మెల్లగా. మూడు నెలలు చూస్తా. దిగకపోతే ఇన్సులిన్ సూదే," అంది డాక్టరమ్మ. సూది పేరెత్తితేనే హెలెన్‌కు కాళ్లూ చేతులూ ఆడవు. పిల్లల టీకాలకు కూడా మొగుణ్ణి పంపిన మనిషి! ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పకుండా, చీర కుచ్చిళ్లు ఎగదోపి రోడ్డెక్కింది.

వడివడిగా పోయేవాళ్లను ఇక్కడెవరూ పట్టించుకోరు, ఏదో పనుందిలే అనుకుంటారు. మెల్లగా పోయే ఆడమనిషి కనబడిందా, అయ్యో పాపమని ఊరంతా బ్రేకులేస్తుంది. ఈ మలుపులో ఒక స్కూటీ, ఆ మలుపులో ఒక బుల్లెట్టు. "ఎక్కు పిన్నీ!" "ఎక్కు వదినా!" మొహమాటానికి ఎక్కిందా, ఆ రోజు నడక గోవిందా.

అందరికన్నా మొండివాడు అంకయ్య. హెలెన్ వాళ్ల వీధివాడే, ఆటో తోలతాడు. ఒకరోజు ఆటోను ఆమె పక్కనే, ఆమె నడకతో సమంగా పోనిచ్చాడు.

"ఎక్కక్కా."

"వద్దు అంకయ్యా, ఇక్కడే పనుంది."

"నిన్న గూడ ఇక్కడే అన్నావు, మొన్న గూడ ఇక్కడే అన్నావు. ఏంది నీకు ఈ రోడ్డు మీద పని?"

వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఆటోలో ఆడవాళ్లు మెడలు బయటపెట్టి చూస్తున్నారు. అంకయ్య మొహం చిన్నబోయింది.

"తెలిసిందిలే అక్కా. మీ అమ్మకు గుండెనొప్పొస్తే ఆస్పత్రికి తీసకపోయింది ఈ ఆటోలోనే. ఇప్పుడు మా ఆటో నీ కంటికి ఆనట్లే."

హెలెన్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఒరేయ్, అది గాదురా! నాకు షుగరొచ్చింది! నడవకుంటే సూదులేస్తారంట. నాకు సూదంటే చచ్చేంత భయం! చాలా? ఇంక పో!"

"ముందే చెప్పాల గదక్కా," అని అంకయ్య ఆటోను ఉరికించాడు.

ఇక చూడండి తమాషా! తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది. ఎక్కమనేవాడు ఒక్కడూ లేడు. ఆగినవాళ్లు బండి దిగి, తోసుకుంటూ పక్కన నడుస్తూ, తమ ఇంట్లోవాళ్ల షుగర్ కథలన్నీ చెప్పేవారు. హెలెన్‌కు ఆ నడక మీద ఇష్టం పుట్టింది.

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ రిపోర్టు చూసి, "సూది అక్కర్లేదు, పో," అంది. హెలెన్ సంతోషం పట్టలేక ఒక్క అంగలో ఆస్పత్రి మెట్లు దిగబోయింది. ఠప్పున చెప్పు తెగింది. మిట్టమధ్యాహ్నం, రోడ్డు పెనంలా కాలుతోంది. ఇంతలో అంకయ్య ఆటో! ప్రాణం లేచొచ్చి చెయ్యెత్తింది.

"ఆశపడాకక్కా! నడువు!" అని వాడు ఆగకుండా పోయాడు.

"ఒరేయ్, షుగర్ దిగిందిరా! సూది లేదంట!" తెగిన చెప్పు ఊపుతూ హెలెన్ ఒకటే కేకలు.

ఆటో దూరంగా, వేపచెట్టు నీడలో ఆగింది. అంకయ్య ఉరుక్కుంటూ వచ్చాడు. తన చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టాడు.

"ఏసుకో అక్కా. ఆ చెట్టుదాకా నడిచి రా, ఎక్కిచ్చుకుంటా," అని, కాలే రోడ్డు మీద ఎగురుకుంటూ వెనక్కి ఉరికాడు.

హెలెన్ ఆ పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ, వాణ్ని నోటికొచ్చినట్టు తిడుతూ, నవ్వుతూ మెల్లగా నడిచింది.